ఎడమ చెవి కింద మచ్చ

హ్యూస్టన్‌లో రిటైరయ్యాక, ఒంటరివాణ్ణి, ఎక్కడుంటే ఏమిటని సౌదీలో స్థిరపడదామనుకున్నాను. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఇఖామాకి అర్జీ పెట్టి, ఇల్లు చూసుకోడానికి రియాద్ నుంచి హుఫూఫ్‌కి టాక్సీ ఎక్కాను. డ్రైవర్‌ది జగిత్యాల. నా తెలుగు వినగానే ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

"మీ కఫీల్ ఎవరు సార్?"

"మనకి పూచీ పడే కఫీల్ ఎవరూ అక్కర్లేని ఇఖామాకి పెట్టాను. నాకు నేనే," అన్నాను, కాస్త గొప్పగానే.

రెండు వైపులా ఇసుక, ఖాళీ రోడ్డు. అతను మాటిమాటికీ తల తిప్పి నా మెడ వైపు చూస్తున్నాడు. నా చెయ్యి డోరు మీదికి పోయింది.

"ఏంటయ్యా అలా చూస్తున్నావు?"

"ఏమనుకోకుండ్రి సార్. ఈడ మనోళ్లు ఎవరన్న సచ్చిపోతే గుర్తువట్టెతందుకు దవాఖానకు నన్నే పిలుస్తరు. ఎండల పడి ఉన్నంక మొఖం ఆనవాలు దొరకది. అందుకే నా బండెక్కినోళ్లది ఏదన్న ఒక గుర్తు చూసి పెట్టుకుంట. కఫీల్ ఉంటే ఆయనన్న వస్తడు. మీకు ఆయన గూడ లేకపాయె."

హుఫూఫ్‌లో దిగుతుంటే మరోసారి వంగి చూసి, తృప్తిగా తలూపాడు.

"ఎడమ చెవి కింద నల్లమచ్చ. యాదుంటది సార్."

నా పేరు మాత్రం అడగలేదు.

కొన్నాళ్లకి ఇఖామా కార్డు చేతికొచ్చింది. తెలిసినవాళ్లు అభినందించారు. పేరులో తప్పు లేదు, ఫొటో కూడా బాగానే ఉంది. అందులో మచ్చ కోసం చాలాసేపు వెతికాను. పడలేదు.