మేనమామ బొట్టు

మా మేనమామ వరి నాట్లకు చీర కట్టుకునే వచ్చేవాడు. ఎవరేమన్నా "గిట్లుంటేనే నాకు పానం నిమ్మళం" అని, కొంగు నడుముకు దోపుకుని మడిలో దిగేవాడు.

ఒక ఏడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఆసామి భార్య గట్టు మీద నాట్లేసే మా ఆడవాళ్లందరికీ బొట్లు పెడుతూ మామ దగ్గర ఆగింది.

"మగాడివి, వెళ్లి నారు పీకు. బొట్టు ఆడవాళ్లకే."

బొట్టు లేనిదే మా వైపు ఎవరూ నాటు వేయరు. మామ తల వంచుకుని, దోపిన కొంగు విప్పబోయాడు. మా అమ్మ చేతిలోని నారుకట్ట కింద పెట్టి గట్టు మీద కూర్చుంది.

"మా తమ్మునికి పెట్టకుంటే మేమెవ్వరం దిగం, దొరసానీ."

ఒక్కొక్కరమే కూర్చున్నాం. ఆమె అందరి వైపూ చూసి, చివరికి కుంకుమలో వేలు ముంచింది.

మామ పొడుగు మనిషి. ఆమెకు అందేలా వంగాడు. తర్వాత కొంగు మళ్లీ దోపుకుని, మాకంటే ముందే మడిలో దిగాడు.