మూడు నెలల్లో ఫిట్

రైల్వే డాక్టరు నాకు మూడు నెలల గడువిచ్చిన రోజు ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని, మా అమ్మ ఆవకాయ జాడీని పెరటి గోడకేసి కొట్టడం. ఆరోగ్యం బాగుచేసుకోవడం అక్కణ్ణుంచి మొదలుపెట్టమని నాకెవరూ చెప్పలేదు. ముక్కలు ఏరుతూ మా ఆవిడ వేలు కోసుకుంది. చూసి ఏరలేవా అని ఆవిడ మీదా అరిచాను.

నేను గూడ్సు బండి డ్రైవర్ని. కాగితాల్లో లోకో పైలట్ అని రాస్తారు గానీ, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తాత నాటి నుంచీ డ్రైవరనే అంటారు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బొగ్గింజన్లో బొగ్గు వేశాడు, నాన్న డీజిలు నడిపాడు, నేను కరెంటింజను. కొన్నేళ్లకోసారి డ్రైవరు ఒంటిని కూడా ఇంజనులాగే విప్పి చూస్తారు. కళ్లు, చెవులు, బీపీ, షుగరు అన్నీ బాగుంటే ఫిట్. లేకపోతే ఇంజను దింపి ఏ ఆఫీసులోనో కుర్చీ చూపిస్తారు. నా బరువు తొంభై ఎనిమిది కిలోలు, షుగరు హద్దు దాటి చాలాకాలమైందని తేలింది. డాక్టరు మాత్రలు రాశాడు. తిండి తగ్గించు, నడువు, మూడు నెలల తర్వాత రా, అప్పటికీ ఇలాగే ఉంటే అన్‌ఫిట్ రాయక తప్పదు అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఎవరో కాలరు పట్టుకుని ఇంజన్లోంచి కిందికి లాగినట్టనిపించింది. ఇంజను మీద నేనొక మనిషిని. బొగ్గుతో నిండిన యాభై ఎనిమిది పెట్టెలు నా చేతి కింద కదులుతాయి. కుర్చీలో కూర్చుంటే నేనెవర్ని? పైగా బండి నడిపినందుకు వచ్చే భత్యం పోతే ఇల్లు గడవడం కష్టం.

ఇంట్లో నలుగురం. అమ్మ, నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే కూతురు. నలుగురమూ లావే. కాక ఏం చేస్తాం, రెండు రాష్ట్రాల తిండి ఒకే కడుపులో వేసేవాళ్లం. పొద్దున్న ఇక్కడివాళ్లలా అటుకుల పోహా, జిలేబీ, సమోసా. మధ్యాహ్నం మనవాళ్లలా కంచం నిండా అన్నం, పప్పు, నెయ్యి, ఆవకాయ. సాయంత్రం పకోడీ, రాత్రి మళ్లీ అన్నం. అమ్మకి మోకాళ్లు పట్టేసేవి. ఆవిడకి థైరాయిడు. పిల్ల నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. నా ఒక్కడికి వేరే వంటంటే గ్యాసూ చాలదు, డబ్బూ చాలదు. అందుకని ఒకే పొయ్యి, ఒకే వంట, అందరూ తగ్గాల్సిందే అని తేల్చేశాను. కూర్చోబెట్టి చెప్పానని కాదు. బియ్యం డబ్బాకి తాళం వేశాను.

"ఏటండీ ఇది? బియ్యానికి తాళమేటి? నేనేటి దొంగదాన్నా?" అంది మా ఆవిడ.

చెంప మీద కొట్టాను. అంతకు ముందు కొట్టలేదని చెప్పను. అప్పుడప్పుడూ కొట్టేవాణ్ణి, తర్వాత ఏదో ఒకటి కొనిపెట్టేవాణ్ణి. ఈసారి మాత్రం కొట్టి కూడా నేనే మంచిపని చేస్తున్నానన్న ధీమా వచ్చింది. ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం కదా అనుకున్నాను. చేతికి అలాంటి సాకు దొరికితే ఇక ఆగదు.

తిండి మార్పు పనిచేసిందన్నది మాత్రం నిజం. వాళ్లూ వీళ్లూ చెప్పిన ఓట్సూ, డబ్బాల్లో పొడులూ మావల్ల అయ్యే ఖర్చు కాదు. క్వార్టర్ల గేటు దగ్గరికి బెల్తరా నుంచి ఆకుకూరలు తెచ్చే ఒకామె ఉండేది. తమ ఊళ్లో తినే కోదో బియ్యం గురించి ఆమే మా ఆవిడకి చెప్పింది. అవి ఊదల్లాంటి చిరుధాన్యం, ఊరివాళ్ల దగ్గర కొంటే చవక. ఆమె దగ్గరే రోజూ ఎర్ర తోటకూరో, ఇంకో ఆకో కొనేవాళ్లం. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగిజావ, మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నం గుప్పెడు కోదో అన్నం, పళ్లెం నిండా ఆకుకూర, పల్చటి పప్పు. నూనె వాడకం సగానికి తెచ్చాం. నేను డ్యూటీలో లేని రోజుల్లో పొద్దున్నే నలుగురం కాలనీ మైదానం చుట్టూ నడిచేవాళ్లం. నేను ముందు, ఆడవాళ్లు ముగ్గురూ వెనక. అమ్మ కుంటుతూ నడిచేది. ఆగితే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. నేను చూస్తే చాలు, నడిచేది.

నెల తిరగకముందే ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ లైన్ బాక్సు ఎత్తితే బరువుగా తోచింది. లైన్ బాక్సంటే డ్రైవరు వెంట మోసుకెళ్లే రేకుపెట్టె. పనిముట్లు, బట్టలు, తిండి అన్నీ అందులోనే. మూత తీస్తే తువ్వాలు కింద స్టీలు డబ్బా నిండా పాకుండలు. అమ్మ దాచిన బెల్లంతో, దాచిన బియ్యప్పిండితో చేసిపెట్టింది.

"పది గంటలు ఇంజన్లో కూకుంతావు గదరా నాయినా. కడుపు కాలిపోతే బండెలా తోల్తావు?" అంది.

డబ్బా గోడకేసి కొట్టాను. మిగిలిన బెల్లం ఎక్కడ దాచావని అడిగాను. చెప్పలేదు. మణికట్టు పట్టుకుని తిప్పాను. "ఓలమ్మా, ఇరిగిపోతాదిరా" అని కిందికి కూలబడి, అప్పుడు చెప్పింది. బియ్యం డబ్బా వెనకే ఉంది. అమ్మ చెయ్యి వారం రోజులు వాచింది. నేను ఆ బెల్లం మురిక్కాలవలో పోసి డ్యూటీకి వెళ్లాను. కొర్బా దాకా పచ్చ సిగ్నళ్లు పడ్డాయని సంతోషించాను కూడా.

బరువు చూసుకోవడానికి మాకు యంత్రం లేదు. స్టేషను పార్సిలు ఆఫీసులో బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది, అక్కడ నాకు తెలిసినవాళ్లున్నారు. ఆదివారం ఆదివారం ముగ్గురినీ తీసుకెళ్లి దాని మీద నిలబెట్టేవాణ్ణి. అంకె నేనే పైకి చదివేవాణ్ణి. కూలీలు చేపల బుట్టలు దించుతూ నవ్వేవాళ్లు. సిగ్గుపడితే తగ్గుతారని నా లెక్క. మా ఆవిడ కొంగు నిండా కప్పుకుని నిలబడేది. అమ్మ కళ్లు మూసుకునేది.

రెండో నెలలో ఒక ఆదివారం పిల్ల బరువు కిలోన్నర పెరిగింది. ఎక్కడ తిన్నావంటే, స్నేహితురాలి పుట్టినరోజని చెప్పింది. కాటా మీదే కొట్టాను. చెవిపోగు ఊడి బుట్టల కిందికి పోయింది. పిల్ల దిగి, తడినేల మీద మోకాళ్లూని వెతుక్కుని, తుడిచి పెట్టుకుంది. "ఎక్కు, మళ్లీ చూద్దాం" అన్నాను. ఎక్కింది. ఏడవలేదు. ఏడవకపోవడం చూసి, దీనికి పొగరెక్కువ అనుకున్నాను. పదిహేనేళ్ల పిల్ల మొహంలో నాకు కనిపించింది అదొక్కటే.

అప్పటికే ఇంట్లో ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. నా గొంతు లేవగానే ముగ్గురూ వెనకగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకునేవారు. నేను గిన్నెలు విసిరి, కుర్చీలు తన్ని, అలిసి చల్లబడేవాణ్ణి. చప్పుడాగాక కూడా వాళ్లు వెంటనే వచ్చేవారు కాదు. ఆగి, చెవులొగ్గి, ఇంకాసేపు చూసి వచ్చేవారు. ఆవిడ ఊడ్చేది, అమ్మ నీళ్లిచ్చేది, పిల్ల పుస్తకం తీసేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అది నామీద గౌరవమనే అనుకున్నాను.

మూడు నెలలు కావస్తుండగా నా బరువు ఎనభై ఎనిమిదికి దిగింది. అమ్మ మోకాళ్లు సుళువయ్యాయి. ఆవిడ పాత జాకెట్లు వదులయ్యాయి. అయినా నాకు ధైర్యం చాల్లేదు. లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్న ఒక రిటైర్డు డ్రైవరు దగ్గరికి వెళ్లాను. మా నాన్నతో పనిచేసినవాడు.

"అచ్ఛా, దీనికింత బెంగేటి?" అన్నాడాయన. "ఆకరి మూడ్రోజులు మెతుకు ముట్టకు. షుగరు మాత్ర ఒకటికి రెండెయ్యి. రగతం కడిగినట్టుంతాది. నేను రెండుసార్లు అలగే ఫిట్టయిపోనాను."

డ్రైవర్లలో ఈ విద్య పాతది. ఎవరినీ చంపలేదని అందరూ చెప్పుకుంటారు. చచ్చినవాడెవడూ వచ్చి చెప్పడు కదా. డాక్టరునో, కనీసం మందుల షాపువాణ్ణో అడగాలని నాకు తట్టలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. నీళ్లు తాగి రెండేసి మాత్రలు వేసుకున్నాను.

రెండో రోజుకి తల తిరగడం మొదలైంది. "మొకం పాలిపోనాదిరా నాయినా, కాసింత గంజైనా తాగు" అని అమ్మ గ్లాసు తెస్తే చేత్తో తోసేశాను. మూడో రోజు పొద్దున పది గంటలకి పరీక్ష. పంపు దగ్గర గడ్డం గీసుకుంటుంటే చెయ్యి వణికింది, ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టాయి. భయమనుకున్నాను. బ్లేడు పక్కన పెట్టడం గుర్తుంది. ఆ తర్వాత జరిగింది నాకు తెలియదు. చాలా రోజుల తర్వాత మా ఆవిడ చెబితే విన్నాను.

నా బూట్లేవని అడిగానట. కాళ్లకే ఉన్నాయని అమ్మ చెబితే, అర్థం పర్థం లేని మాటలు కొన్ని హిందీలో కొన్ని తెలుగులో అరిచానట. పొయ్యిని తన్నాను. కాగుతున్న అంబలి గిన్నె తిరగబడి మా ఆవిడ మోచేతి నుంచి వేళ్ల దాకా పడింది. పెనం తీసి తలుపు చట్టాన్ని బాదుతుంటే తప్పుకోబోయి అమ్మ పడింది, నుదురు గడపకి తగిలి చిట్లింది. పిల్ల ఇద్దరినీ వెనకగదిలోకి లాగి గడియ పెట్టింది. బయట కాసేపు చప్పుళ్లు. తర్వాత ఆగిపోయాయి.

"ఆగిపోనాదే అమ్మా" అందట పిల్ల.

"ఉండు. ఇంకాసేపుండి ఎల్దాం" అందట మా ఆవిడ, కాలిన చెయ్యి తడిగుడ్డలో పెట్టుకుని.

అరగంట కూర్చున్నారు. స్కూలుకి ఆలస్యమవుతోందని పిల్ల తలుపు తీసింది. నేను వంటింట్లో అంబలి మధ్య పళ్లు బిగబట్టి, కళ్లు తేలేసి పడున్నాను. పక్క క్వార్టరువాళ్లు ఆటో తెచ్చారు. పది గంటలకి నడిచివెళ్లాల్సిన ఆసుపత్రికే తొమ్మిదిన్నరకి నన్ను మోసుకెళ్లారు.

నాకు తెలివొచ్చేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. కళ్లు సగమే తెరిచాను. డాక్టరు నా జేబులో దొరికిన ఖాళీ మాత్రల అట్ట పట్టుకుని, మంచం పక్కన నిలబడి మావాళ్లతో హిందీలో మాట్లాడుతున్నాడు. షుగరు అడుగంటిపోయింది, ఇంకాసేపు ఆలస్యమైతే దక్కేవాడు కాదు అన్నాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయించాడట. అది చాలా బాగుందన్నాడు. ఆ తిండీ ఆ నడకా చాలు, ఈ ఉపవాసమూ ఈ మాత్రలూ లేకుండా మామూలుగా వచ్చి ఉంటే ఈరోజు ఫిట్ రాసేవాణ్ణి అన్నాడు. తెలివి తప్పి పడిపోయిన డ్రైవర్ని మళ్లీ ఇంజను ఎక్కించరని ఆయన నాకు చెప్పక్కర్లేదు. మంచం అంచు పట్టుకున్నాను. బాధ కంటే ముందు కోపమే వచ్చింది, కొట్టడానికి చుట్టూ ఎవరున్నారా అని చూసేంత కోపం.

అప్పుడు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ పిల్లనడిగాడు. షుగరు ఇలా పడిపోతే మనిషి స్వభావం మారిపోతుంది, ఊరికే చిరాకు పడతాడు, అరుస్తాడు, విసురుతాడు, కొడతాడు, చూస్తే వెంటనే తెలిసిపోతుంది. పొద్దున్న మీ నాన్నలో తేడా ఏమీ కనబడలేదా? మరి ఎందుకు తీసుకురాలేదు?

పిల్ల దాచడానికీ చూడలేదు, నామీద ఫిర్యాదు చేస్తున్నట్టూ లేదు. స్కూల్లో టీచరు అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది.

"తేడా ఏం లేదు సార్. నాన్న రోజూ ఇలాగే ఉంటారు."

డాక్టరు అప్పుడు మా ఆవిడ చెయ్యి చూశాడు, అమ్మ నుదురు చూశాడు. రాస్తున్న కాగితం పక్కన పెట్టాడు. తర్వాత నర్సుని పిలిచి ముందు వీళ్లిద్దరికీ కట్టు కట్టమన్నాడు.

నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను. ఆ పిల్ల మాట అబద్ధమని నాకు నేనైనా చెప్పుకోవాలని, ఆ మూడు నెలల్లో వేరేగా ఉన్న ఒక్క రోజు కోసం వెతికాను. అన్ని రోజుల్లో ఒక్కటీ దొరకలేదు.