గడప బయట భోజనం

ఫైటర్ చేపను తెచ్చుకున్న రోజు ఇంటావిడ నన్ను మెట్ల దగ్గరే ఆపింది. నా చేతిలో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో బొటనవేలంత నీలం చేప ఉన్నాయి.

"ఏంది పాపా అది? చేపనా?"

"పెంచుకోవడానికవ్వా. వండుకోవడానికి కాదు."

"పెంచుకో. కుక్కపిల్లను తేలేదు, అదే పదివేలు" అని నవ్వింది. సమస్య అక్కడితో తీరిపోయిందనుకున్నాను.

చిత్తూరులో డిగ్రీ ముగించి, తిరుపతిలో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చిన మొదటి సంవత్సరం అది. రెండు వేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. మిద్దె మీద ఒక్క గదిలో నేను, కింద భర్త పోయిన ఇంటావిడ ఒక్కతే. గది ఇచ్చేటప్పుడు ఆమె పెట్టిన షరతు ఒకటే: మాంసం, చేప, ఏ నీసూ ఈ ఇంట్లో తినకూడదు. ఒంటరి ఆడపిల్లకు గది దొరకడమే కష్టమైన రోజుల్లో అది నాకు భారమనిపించలేదు. మాట ఇచ్చాను.

కాలేజీలో నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. ఎదుటివారి వాదాన్ని వారికంటే బలంగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించాలని అక్కడ నేర్పారు. అడగవలసిన ప్రశ్నను మింగకూడదని కూడా నేర్పారు. ఈ రెండో పాఠం నాకు ఉద్యోగంలో మేలు చేయలేదు. ఆదివారం కూడా క్లాసులెందుకని ఒక సమావేశంలో అడిగాను. నేనన్నదే న్యాయమని తర్వాత వరండాలో తోటి టీచర్లందరూ ఒప్పుకున్నారు. మరునాటి నుంచి టీకి వెళ్ళేటప్పుడు నన్ను పిలవడం మానేశారు. కాలేజీ డిబేట్లలో నాతో జతగా వాదించిన స్నేహితురాలు పెళ్ళి చేసుకుని హోసూరు వెళ్ళిపోయింది.

"దీనికి తోడు పెట్టగూడదు మేడమ్. ఒంటిగా ఉంటేనే బతుకుతాది" అని చేప అమ్మినతను చెప్పాడు. ఆ మాటను ఖండించాలని మనసులో చాలాసార్లు ప్రయత్నించి విఫలమయ్యాను.

సాయంత్రం తలుపు తీయగానే చేప గాజుతొట్టిలో నా వైపు తిరిగేది. "తిన్నావా?" అని అడిగేదాన్ని. ఆ ఊరిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఒక ఉదయం ఇంటావిడ వడియాలు పెట్టడానికి మిద్దె మీదికి వచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి నా చేతిలోని పొట్లాన్ని చూసింది.

"అదేంది పాపా?"

"చేప మేత అవ్వా."

"అదే, ఏం మేత?"

"ఎండబెట్టిన పురుగులు."

ఆమె చేతిలోని పిండిగిన్నె కింద పెట్టింది. "నా ఇంట్లో నీసు వద్దని చెప్తిని గదా?"

"తినేది నేను కాదవ్వా, చేప."

"అది యాడ తింటా ఉండాది? వీధిలోనా?"

"దాని ఆహారం అది. పులికి పెరుగన్నం పెట్టగలమా?"

"పులికి నేను గది బాడుగకియ్యలేదు గదా పాపా!"

ఆమె దిగి వెళ్ళిన తర్వాత, అలవాటు ప్రకారం ఆమె పక్షాన నిలబడి వాదించి చూశాను. ఆమె ఇల్లు, ఆమె నియమం, ఒప్పుకున్నది నేను. నాకు అవసరం వచ్చింది కదా అని ఇచ్చిన మాట హద్దును జరపడం న్యాయం కాదు. వాదంలో ఆమె గెలిచింది. చేపను దుకాణంలో తిరిగి ఇచ్చేయవచ్చు. కానీ ఆ తర్వాత నేను తలుపు తీస్తే నా వైపు తిరిగే ప్రాణి ఒక్కటీ ఉండదు.

అందుకని చేపకు శాకాహారం అలవాటు చేయబోయాను. అన్నం మెతుకు చిదిమి వేశాను. ఉడికించిన బఠాణీ, నానిన అటుకు వేశాను. ప్రతిసారీ అది అంతే నమ్మకంతో పైకి వచ్చి, నోట పట్టి, ఉమ్మేసేది. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడేవి. కొళాయి నీళ్ళను క్లోరిన్ వాసన పోయేదాకా బిందెలో ఉంచి, రోజూ కొంత మార్చేదాన్ని. అయినా దాని నీలం వెలిసిపోయింది. తోక ముడుచుకుని తొట్టి అడుగున పడి ఉండేది.

ఎండిన వడియాలు తీసుకోవడానికి వచ్చిన ఇంటావిడ తొట్టి దగ్గర ఆగింది.

"ఏం అట్లుండాది?"

"ఆకలవ్వా."

"ఏం పెడతా ఉండావు?"

"మీరు తినేవే."

ఒక మెతుకు వేశాను. చేప నెమ్మదిగా పైకి వచ్చి, పట్టుకుని, ఉమ్మేసింది. "మళ్ళా వెయ్యి" అంది. మళ్ళీ వేశాను. మళ్ళీ ఉమ్మేసింది.

"ఎంత రోషం దీనికి! సస్తాది గానీ తినదు." నా వైపు తిరిగింది. "దొంగగా పెట్టుండొచ్చు గదా? నాకెట్ల తెలుస్తాది?"

"మాట ఇచ్చినాను గదవ్వా."

చేపను చూసినదానికంటే ఎక్కువసేపు నన్ను చూసింది. "తొట్టి ఎత్తుకో. రా."

మెట్లు మలుపు తిరిగే చోట ఒక వెడల్పాటి అరుగు ఉంది. "ఈడ పెట్టు. ఇది గడప బయట. మా ఇంటాయన కోడిగుడ్లు ఈడనే కూసుని తినేటోడు. నోరు పుక్కిలించి లోపలికొచ్చేటోడు. నేను ఆయప్పను వదిలేసినానా?" నాలుగు మెట్లు దిగి మళ్ళీ తిరిగింది. "శనివారం మాత్రం లేదు. ఆయనకీ లేదు, దీనికీ లేదు."

ఏడుకొండలవాడి శనివారం చేపకు ఎందుకు వర్తించాలన్న ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. మొదటిసారి ఒక ప్రశ్నను మింగాను.

ఆనాటి నుంచి ఉదయం, సాయంత్రం తొట్టిని ఆ మలుపులో దించి, అగ్గిపుల్ల కొసతో ఒక్కో పురుగు అందించేదాన్ని. పొట్లం కూడా అక్కడే, కిటికీ గూటిలో ఉండేది. చేపకు రంగు తిరిగి వచ్చింది. సాయంత్రం కింది నుంచి గొంతు వినిపించేది: "తినిందా?"

"తినిందవ్వా."

మా మాటలు అంతకు మించి పెరగలేదు. శనివారాల్లో అవీ ఉండేవి కావు.

మరుసటి వేసవిలో ఒక శుక్రవారం నేను ట్యుటోరియల్ నుంచి వచ్చేసరికి చేప నీటిపైన పక్కకు ఒరిగి ఉంది. మిద్దె మీది కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. ఆ సాయంత్రం ఇంటావిడ గుడికి వెళ్ళింది. మరునాడు శనివారం. ఆదివారం దీపాలు పెట్టే వేళకు కింది నుంచి గొంతు వచ్చింది.

"తినిందా?"

మలుపు దాకా దిగాను. "లేదవ్వా. పోయింది. శుక్రవారం."

"శుక్రవారమా? నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

వాదంగా ఆ జవాబులో ఏ లోపమూ లేదు.

"నిన్న శనివారం గదా" అని ఆమె మెల్లగా అని లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

మరుసటి సాయంత్రం ప్రశ్న రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మూడో సాయంత్రం నా పళ్ళెం తీసుకుని వచ్చి, తొట్టి పెట్టే చోట కూర్చున్నాను. పళ్ళెంలో ఉన్నది పెరుగన్నమే. గడప దాటి తినవలసిన నియమం దానికి లేదు. కింది తలుపు సందులోంచి వెలుతురు మెట్ల మీద పడుతోంది. నీళ్ళ చెంబును కావాలనే కింది దాకా వినిపించేలా చప్పుడు చేస్తూ పెట్టాను.