ముప్పై నాలుగో వారం ఇంజెక్షన్

మనవరాలు పుట్టిన రెండో రోజు ఉదయం డాక్టరమ్మ మంచం పక్కకు కుర్చీ లాక్కుని, ముప్పై నాలుగో వారం ఇంజెక్షన్ నిజంగా వేయించుకున్నారా అని మా అమ్మాయిని అడిగింది. అమ్మాయి నా వైపు చూసింది. పాప కళ్లు అప్పటికే పచ్చబడ్డాయి.

అమ్మాయిది నెగటివ్ రక్తం, పాపది పాజిటివ్. పాప రక్తకణాలను దెబ్బతీసే యాంటీబాడీలు తల్లి రక్తంలో కనిపించాయి. అవి తల్లి ఒంట్లో పుట్టకుండా ఆపేదే ఆ ఇంజెక్షన్; అందులోనూ అలాంటివే కొద్దిగా ఉంటాయి కాబట్టి, అది పడి ఉంటే కొన్నాళ్లు అలా కనిపించడం మామూలే. పడకపోతే అవి ఆమె ఒంట్లో పుట్టినవే. ఈ పాపకూ, ఇకముందు పుట్టే పిల్లలకూ ముప్పే. ఏది నిజమో రికార్డే చెప్పాలి.

ఆ రికార్డు పెర్త్‌లో ఉంది. అమ్మాయి కాపురం అక్కడి పియారా వాటర్స్‌లో. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని పట్టుబట్టి, విమానం ఎక్కనిచ్చే గడువు దాటకముందే దేశానికి ఈ కొసన మేముండే క్రాన్‌బర్న్‌కు తీసుకొచ్చాం. పరీక్షలన్నీ రాసిన పుస్తకాన్ని తను దేవుడి గూట్లో పెట్టి, అక్కడే మరిచిపోయింది. ఇక్కడి ఆస్పత్రి ఫారంలో ఆ ఇంజెక్షన్ గడి దగ్గర ‘వేశారు’ అని నింపింది నేను. ముప్పై ఏళ్లు పత్రిక డెస్కు మీద పనిచేసినప్పుడు, ఇద్దరిని అడగందే వార్త వదిలేవాణ్ని కాదు.

“ఆ రోజు రెండు సూదులు వేశారు డాడీ. ఒకటి కోరింత దగ్గుది. ఇంకోటి ఐ థింక్ అదే. ఫ్లూదేమో మరి.”

“థింక్ ఏమిటే? చూసుకోవద్దూ?” అంది నా భార్య.

“ఎక్కడ చూసుకోనిచ్చావమ్మా! ప్యాకింగ్ అయిందా, ప్యాకింగ్ అయిందా అని ఫోన్ మీద ఫోన్!”

పురుడు ముందే రావడంతో అల్లుడింకా పెర్త్‌లోనే ఉన్నాడు. గూట్లోంచి పుస్తకం తీసి ఫోన్ చేశాడు.

“మామయ్యగారూ, దగ్గు టీకా స్టిక్కర్ ఉంది. దాని కింద ఇంకో టిక్కు ఉందండీ, పేరు లేదు.”

“సంతకం?”

“ఉంది. ఎవరిదో చదవలేకపోతున్నా.”

నీలం దీపాల కింద నాలుగు రోజులకు పాప పచ్చదనం తగ్గింది. మా భయం తగ్గలేదు. పెర్త్ క్లినిక్ నుంచి వచ్చిన జవాబు రెండు వాక్యాలు: ఆ నర్సు తాత్కాలికంగా వచ్చి వెళ్లిపోయింది, రెండో ఇంజెక్షన్ ఏదో తమ కంప్యూటర్‌లో లేదు.

కాన్పయ్యాక ముందుజాగ్రత్తగా ఇక్కడ అదే ఇంజెక్షన్ ఒక డోసు వేశారు. దాని ప్రభావం పోవడానికి ఆరు నెలలు ఆగి, అప్పుడు అమ్మాయి రక్తం మళ్లీ పరీక్షిస్తామన్నారు. పాపకు ఇప్పుడు మూడో నెల.