మా అత్త హోటల్ బోర్డు

నిరుడు ఒడిశాలోని గోపాలపూర్‌లో చేపల పులుసూ అన్నం పెట్టే చిన్న హోటల్ తెరిచాం. వంట మా అత్తగారిది. మా తెలుగువాళ్ల పేటలో అందరూ ఆవిణ్ణి 'అత్త' అనే పిలుస్తారు కనక 'అత్త హోటల్' అని పేరు పెట్టాం. ఒడియాలో బోర్డు రాయించే పని నాది. బరంపురం పెయింటరుకు ఆ పేరు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో 'Atta Hotel' అని పంపేశాను.

ప్రారంభం రోజు పొద్దున్నే బోర్డు వచ్చింది. హడావిడిలో ఎవరం చదవకుండానే దండ వేసేశాం. మొదటగా వచ్చిన నలుగురు ఒడియా యాత్రికులు రొట్టెలు అడిగారు. లేవన్నాను.

"మరి బోర్డు మీద 'అటా హోటల్' అని ఉందే!" అన్నారు.

ఒడియాలో అటా అంటే గోధుమపిండి! మా ఆయన బోర్డు దించబోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏటే ఆ ఏడుపు? ఆకలితో వొచ్చినోల్లని ఎనక్కి పంపుతామేటి? ఒరే, ముందెల్లి పిండి ఒట్టుకురా" అంది అత్తగారు నవ్వుతూ.

రొట్టెలు పులుసులో ముంచుకుని వాళ్లు రెండోసారి అడిగి తిన్నారు. పేరు బాగుందన్నారు.

"మా కోడలే పెట్టింది" అంది ఆవిడ గర్వంగా.

మర్నాడే బోర్డు దిద్దించాం. నలుగురిలో నన్ను చిన్నబుచ్చకుండా కాచుకున్న ఆ మాట మాత్రం ఎన్నటికీ మరవలేను.