డాక్టరమ్మ ముఖం

రాజమండ్రిలో సూది పరీక్ష చేసే ఆ డాక్టరమ్మ, గడ్డలోంచి లాగినదాన్ని గాజుపలక మీద పూసి విసనకర్రలా ఊపుతూ ఆరబెట్టేది. మండపేట మిల్లులో పనిచేసే మా చెల్లి రొమ్ములోది మైక్రోస్కోపులో చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“రండర్రా, సార్కోమా! మళ్ళీ దొరకదు,” అని స్టూడెంట్లను పిలిచింది. “మామూలు కేన్సర్ కాదమ్మా, చాలా అరుదు.”

“అరుదంటే మంచిదేనాండీ?” అంది చెల్లి, జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ.

“మాకు మంచిదే,” అని నవ్విందావిడ.

చెల్లి ఏడాది తిరక్కుండా పోయింది. తర్వాత నా రొమ్ములోనూ గడ్డ తగిలింది. ఆవిడ నన్ను గుర్తుపట్టి, “మీ చెల్లి పలకలు భద్రంగా దాచానమ్మా,” అంటూ నా పలకను ఆశగా ఊపింది. మైక్రోస్కోపులో చూసింది. ముఖం వాడిపోయింది.

“వట్టి కొవ్వు గడ్డే,” అని ఆవిడ నీరసంగా చెప్పేలోపే నేను దణ్ణం పెట్టేశాను.