ముందుగా గీసిన నీడలు

మాలకొండయ్య మొక్క నాటే ముందు దాని నీడ గీసేవాడు. ఎనిమిదేళ్ళకు ఆ చెట్టు ఎంత నీడ ఇస్తుందో ఊహించి, సున్నంలో ఇంత నీలం కలిపి, కొమ్మా రెమ్మాతో సహా నేల మీద పరిచేసేవాడు. గుంత తవ్వడం ఆ తర్వాతే. మొక్కేమో జానెడు, నీడేమో పందిరంత.

నెల్లూరు ఎండ ఎరిగినవాళ్ళకు ఇది వేళాకోళంగా తోచేది. ఆటో నడిపే పెంచలప్రసాద్ ఒకనాడు బండిని ఆ నీడలో ఆపి, సీటు మీద చెయ్యి వేసి గబుక్కున తీసేసుకున్నాడు.

“ఏందన్నా, నీ నీడ గూడా కాలతా ఉండాదే?”

“పచ్చిగా ఉండాదబ్బా. ఎనిమిదేళ్ళు ఆరనీ.”

మాలకొండయ్య అంగళ్ళ బోర్డులు రాసి బతికిన మనిషి. ఫ్లెక్సీలొచ్చాక కుంచె మూలపడింది. పాత మార్కెట్టు రోడ్డును చెట్లతో బొమ్మలా తీర్చమని కార్పొరేషన్‌వాళ్ళు నలభై గంగరావి మొక్కలిస్తే, మూడు రోజులు రోడ్డు పక్కన ఊరికే కూర్చున్నాడు. పని చేయించాల్సిన సూపర్‌వైజరు టైటస్‌కు బీపీ అక్కడే మొదలైంది.

ప్లానులో మొక్కలన్నీ తాడు పట్టినట్టు ఒకే వరస. మాలకొండయ్య గుంతలు మూడడుగులు అటు, రెండడుగులు ఇటు.

“ఏందన్నా ఈ వంకర?”

“బొమ్మన్నాక వంకర ఉండాల టైటసూ. రూళ్ళకర్రను ఎవురన్నా నిలబడి చూస్తారా?”

ఇంజినీరు ఫోను చేశాడు. రేపు పొద్దున వస్తాడు. వరస కుదరకపోతే అన్నీ పీకి మళ్ళీ నాటాలి. మే నెలలో వేరు కదిలిన మొక్క బతకదని టైటస్‌కు తెలుసు. తన ఉద్యోగమూ అలాంటి మొక్కే. ఏది ఎంత జరపాలో చూద్దామని, మధ్యాహ్నం రెండున్నరకు తాడు పట్టుకుని బయల్దేరాడు.

మొదటి నీలినీడ నడుమ, బోగోలు నుంచి చేపల గంప తెచ్చే వనజాక్షి కూర్చుని ఉంది, నెత్తిన తడిగుడ్డతో. రెండోదాంట్లో నిమ్మకాయల రాశి వెనక చెంచులక్ష్మి. మూడోదాంట్లో తాళంచెవులు చేసే సుబ్బు. మొక్కలన్నీ వాళ్ళకు పడమటి పక్కనే.

“ఈడ కూర్చోమని ఆయన చెప్పినాడా అక్కా?”

“మేం పదేళ్ళుగా ఈడ్నే ఉండాం అబ్బయ్యా. ఆయనే వచ్చి మా చుట్టూ గీసినాడు. ఎండ ఎవురి మొహాన యాడ నుంచి కొడతాదో మూడు దినాలు చూసుకున్నాడు” అంది వనజాక్షి. “ఎనిమిదేళ్ళకి నేనుంటానో లేదో. నాకంటూ ఒక చోటు చూసి పెట్టినాడు గదా.”

టైటస్ తాడు విప్పకుండానే ముందుకు నడిచాడు. చివరాఖరున ఒక నీడ ఖాళీగా కనిపించింది. పక్కనే మాలకొండయ్య బిందెతో నీళ్ళు పోస్తున్నాడు.

“ఇందులో ఎవురూ లేరే. ఇదన్నా జరపొచ్చు గదన్నా?”

మాలకొండయ్య బిందె దించలేదు. “నెల్లాళ్ళుగా నన్ను తిట్టేదానికి నువ్వు నిలబడేది ఆడ్నే గదా. నెత్తి కాలతా ఉంటే తిట్లు కుదురుగా రావు.”

టైటస్ కిందికి చూసుకున్నాడు. రెండు కాళ్ళూ సరిగ్గా నీడ మధ్యలో ఉన్నాయి. తర్వాత తాడును చంకలో పెట్టుకుని ఫోను తీశాడు.

“సార్, రేపు పొద్దున వద్దు. రెండున్నరకి రండి, వరస అప్పుడే తెలుస్తాది... గొడుగు మాత్రం తెచ్చుకోండి సార్. మీ నీడ ఇంకా గీయలేదు.”